సీసా బట్టీల నీడలో ఆడవాళ్ళు

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



"వృత్తి వ్యాధులు - స్త్రీలు" అనే అంశం మీద నన్ను మాట్లాడమన్నారు. ఏ చట్టంలో ఏ సెక్షన్ ఏం చెబుతుందో పొద్దుట లాయరు గారు బోర్డు మీద రాసి మరీ చెప్పారు. మళ్ళీ అవే చెబితే భోజనాలకు ముందే మీకు నిద్రొస్తుంది. అందుకని నేనొక పాత ఫ్యాక్టరీ భవనం కథ చెబుతాను. అది మన దేశంలో లేదు, ఇంగ్లండులో ఉంది. కప్పులూ సాసర్లూ చేసిన ఫ్యాక్టరీ. అంత దూరపు కథ మనకెందుకని మీకు అనిపించవచ్చు. అక్కడికి వెళ్ళేదాకా నాకూ అట్లాగే అనిపించింది.

ముందు మా పిన్ని సంగతి చెప్పాలి. మా అమ్మకు ఆఖరి చెల్లెలు. పదకొండేళ్ళు పలుగురాళ్ళ పొడి మిల్లులో పనిచేసింది. రాయి మరలో పడి పిండిలాగా నలిగి కింద రాలుతుంటే దాన్ని బస్తాలకెత్తి మూతి కుట్టడం ఆమె పని. గాజుకూ పింగాణీకీ ఆ పొడి కావాలి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. మా పిన్ని ముసలిదైపోయిందని పిల్లలం నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది. దగ్గు మొదలయ్యాక ఆస్పత్రిలో టి.బి. అన్నారు. మందులు మానకుండా మింగింది. తగ్గలేదు. రెండోసారి మింగమన్నారు, మూడోసారి మింగమన్నారు. నలభై ఒకటో ఏట పోయింది. కార్డు మీద ఆఖరిదాకా టి.బి. అనే ఉంది. ఆ కార్డులో "వృత్తి" అని ఒక గడి ఉంటుంది చూశారా, అందులో "గృహిణి" అని రాశారు.

ఆ కార్డు మనసులో పెట్టుకుని వినండి.

ఇంగ్లండు నడిమధ్యలో స్టోక్ ఆన్ ట్రెంట్ అనే ఊరుంది. నిజానికి అది ఒక ఊరు కాదు, టన్‌స్టాల్, బర్స్‌లెమ్, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు ఊళ్ళను 1910లో ఒకటిగా కలిపారు. ఆ ప్రాంతాన్ని జనం "పాటరీస్" అనే పిలుస్తారు. నేల తవ్వితే బొగ్గు, ఆ పక్కనే బంకమన్ను. ఇంకేం కావాలి? తెల్లటి పింగాణీ మన్ను మాత్రం అక్కడ దొరకదు. దాన్ని దక్షిణాన కార్న్‌వాల్ నుంచి పడవల్లో తెప్పించుకునేవారు. 1777లో ట్రెంట్, మెర్సీ నదులను కలుపుతూ కాలువ పూర్తయ్యాక మన్ను రావడమూ సరుకు పోవడమూ సుళువైంది. మన జమీందార్ల ఇళ్ళలోనూ కలెక్టర్ల బంగళాల్లోనూ అద్దాల బీరువాల్లో దాచుకున్న ఇంగ్లీషు ప్లేట్లను తిరగేసి చూస్తే, చాలావాటి అడుగున ఈ ప్రాంతపు కంపెనీల ముద్రలే కనిపిస్తాయి.

నేను చెప్పదలచుకున్న భవనం లాంగ్టన్‌లో ఉన్న గ్లాడ్‌స్టన్ పాటరీ. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి ఆ స్థలంలో కుండల పని జరుగుతూనే ఉంది. గ్లాడ్‌స్టన్ అంటే తర్వాత బ్రిటన్‌కు ప్రధానమంత్రి అయిన మనిషి. 1863లో ఆయన ఆ ప్రాంతానికి ఒక శంకుస్థాపనకు వచ్చాడు, ఆ పేరు దీనికి పెట్టుకున్నారు. మంత్రి ఒక్క పూట వచ్చి వెళ్ళాడు, పేరు నిలిచిపోయింది. జీవితమంతా అక్కడే గడిపినవాళ్ళ పేర్లు ఏ గోడ మీదా లేవు. ఇది ఇంగ్లండులో మాత్రమే జరిగే పని కాదులెండి.

రోడ్డు మీద నుంచి చూస్తే మామూలు ఎర్ర ఇటుకల భవనమే. మధ్యలో ఎడ్లబండి పట్టేంత దారి. ఆ దారిలోంచి లోపలికి పోతే రాళ్ళు పరిచిన ముంగిలి, చుట్టూ రెండంతస్తుల పని గదులు, నడుమ నాలుగు పెద్ద బట్టీలు. మన కుమ్మరి ఆవం నేలబారుగా ఉంటుంది. ఇవి మేడలకన్నా ఎత్తు. కింద కడుపు లావుగా, పైకి పోయేకొద్దీ మెడ సన్నగా, అచ్చం సీసాల్లా ఉంటాయి. అందుకే వాటికి సీసా బట్టీలని పేరు. ఒకప్పుడు ఆ ఆరు ఊళ్ళలో ఇలాంటివి రెండు వేలకు పైగా ఉండేవి. ఇప్పుడు మిగిలినవి యాభై లోపే. ఒక్కసారి కాల్చడానికి పది పదిహేను టన్నుల బొగ్గు, రెండు మూడు రోజుల మంట. అన్ని బట్టీలూ పొగ వదులుతుంటే మధ్యాహ్నం కూడా దీపాలు పెట్టుకోవలసి వచ్చేదట. 1956లో గాలి శుభ్రతకు చట్టం వచ్చింది, విద్యుత్తుతోనూ గ్యాసుతోనూ నడిచే కొత్త బట్టీలు వచ్చాయి, బొగ్గు బట్టీల కాలం చెల్లిపోయింది. గ్లాడ్‌స్టన్‌లో 1960లో పని ఆగింది. 1970లో దాన్ని కూలగొట్టే సమయానికి స్థానికంగా పలకలు చేసే ఒక కంపెనీ కుటుంబం కొని కాపాడింది. 1975లో మ్యూజియంగా తెరిచారు. 1978లో, ఆ పని తెలిసిన పాతవాళ్ళు బతికుండగానే చూసి రాసిపెట్టుకోవాలని, లాంగ్టన్‌లోనే మరో ఫ్యాక్టరీ బట్టీని ఆఖరిసారి బొగ్గుతో కాల్చారు. 2021 నుంచి ఇంగ్లండు టీవీలో కుండలు చేసే పోటీ ఒకటి ఈ భవనంలోనే తీస్తున్నారు.

2019లో వేరే సమావేశం కోసం ఆ దేశం వెళ్ళినప్పుడు, అక్కడ చదువుకుంటున్న మా స్నేహితురాలి కూతురు నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. నా ఇంగ్లీషు అంతంత మాత్రం కనక ఆ పిల్లే దుబాసీ. మ్యూజియం వాళ్ళు మాకు దారి చూపించడానికి ఒక పెద్దావిడను ఇచ్చారు. డెబ్భై దాటిన మనిషి. పదిహేనో ఏట నుంచి కుండల ఫ్యాక్టరీలో కప్పులకు పిడులంటించే పని చేసిందట. మమ్మల్ని చూడగానే ఆమె అడిగిన మొదటి మాట, "మీ దేశంలో కుమ్మరి చక్రం ఎవరు తిప్పుతారు?" అని.

ఏం చెప్పాలి? మన కుమ్మరి ఇళ్ళలో మట్టి తెచ్చేది, తొక్కేది, రాళ్ళేరేది, కుండ చరిచి నునుపు చేసేది, గంప నెత్తిన పెట్టుకుని సంతకు పోయేది ఎక్కువగా ఆడవాళ్ళే. సారె ముందు కూర్చునేది మాత్రం మగవాడు. అదే చెప్పాను. ఆవిడ నవ్వి, "ఇక్కడ చక్రం తిప్పింది ఆడదే, కుండ చేసిన పేరు మగవాడిది" అంది. పాత రోజుల్లో ఒక మగ పనివాడు కుండ లేపుతుంటే, పక్కన పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పేది ఒక ఆడమనిషి. మట్టి తూచి ముద్దచేసి అందించేది ఇంకో ఆడమనిషి. చెక్కుడు పని చేసే మగవాడి మరను కాలితో తొక్కేది మరో ఆడమనిషి. వీళ్ళకు కూలి ఇచ్చేది యజమాని కాదు, ఆ మగ పనివాడు. యజమాని లెక్కల పుస్తకాల్లో చాలాచోట్ల వాళ్ళ పేర్లే ఉండవు. మన దగ్గర మేస్త్రీ కింద పనిచేసే ఆడకూలీల సంగతి ఇలాగే కదా. జీతాల చిట్టా ఎక్కడుందంటే మేస్త్రీని అడగమంటారు, మేస్త్రీని అడిగితే నోటిలెక్క అంటాడు.

ఇంకో అన్యాయం ఉంది. ఆ రోజుల్లో ఒప్పందాలన్నీ "బట్టీలోంచి బాగా వచ్చిన దానికే కూలి" అనే లెక్క మీద నడిచేవి. మీరు పన్నెండు డజన్ల ప్లేట్లు చేశారు. బట్టీలో మంట ఎక్కువై సగం పగిలాయి. మంట వేసింది మీరు కాదు, బట్టీ పేర్చింది మీరు కాదు. అయినా మీ కూలి సగమే. దానికోసం అక్కడి కార్మికులు దశాబ్దాల తరబడి కొట్లాడారు.

పై అంతస్తులో రంగులు వేసే గదులు. ఎత్తయిన కిటికీలు, వెలుతురు బాగా పడుతుంది. సన్నటి కుంచెలతో పూలు, తీగలు, బంగారు అంచులు. ఇది ఆడవాళ్ళ పని. అక్కడి మాటలో వాళ్ళు "పెయింట్రెస్"లు. తర్వాతి కాలంలో క్లారిస్ క్లిఫ్, షార్లెట్ రీడ్, సూసీ కూపర్ లాంటివాళ్ళు ఇలాంటి గదుల్లోంచే పైకి వచ్చి పేరు తెచ్చుకున్నారు. కానీ పందొమ్మిదో శతాబ్దంలో మగ చిత్రకారులు ఒక నియమం పెట్టించారు. గంటల తరబడి సన్నటి గీత గీయాలంటే మోచెయ్యి ఆనించుకోవడానికి ఒక చెక్క కావాలి. ఆ చెక్క మగవాళ్ళే వాడాలి, ఆడవాళ్ళు వాడకూడదు! ఎందుకంటే అది ఉంటే ఆడవాళ్ళు కూడా వాళ్ళంత బాగా గీస్తారు, సగం కూలికే గీస్తారు, మగవాళ్ళ పని పోతుంది. అన్నిచోట్లా అని కాదు, చాలాచోట్ల. సగం కూలి ఇవ్వకూడదని యజమానితో కొట్లాడాల్సిన మనిషి, పక్కనున్న ఆడదాని చెయ్యి కింది చెక్క లాగేశాడు. ఇది వినగానే మనలో ట్రేడ్ యూనియన్లలో పనిచేసిన వాళ్ళకు ఏవో మొహాలు గుర్తొస్తాయి. నాకైతే వచ్చాయి. ఒక మాట న్యాయంగా చెప్పాలి, 1906లో అక్కడి సంఘాలు ఏకమైనప్పుడు ఆ కొత్త యూనియన్ పేరులోనే "మగ, ఆడ కుండల కార్మికుల" అని చేర్చుకున్నారు.

ఇక మెరుగు పూసే గదికి వద్దాం. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది అక్కడే.

మట్టి పాత్ర ఒకసారి కాలాక గరుకుగా ఉంటుంది, నీళ్ళు పీలుస్తుంది. దాన్ని మెరుగు నీళ్ళలో ముంచి మళ్ళీ కాలిస్తే అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుగు నీళ్ళలో ఉండేది సీసం. సీసముంటే మెరుగు తక్కువ వేడికే కరుగుతుంది, సమంగా పరుచుకుంటుంది, తప్పులు కప్పేస్తుంది, యజమానికి నష్టం తక్కువ. పాత్రలను ముంచేది మగవాడు. ముంచిన వాటిని అందుకుని ఆరబెట్టేది, ఆరాక అడుగున అంటిన పూతను గీకి తుడిచేది ఆడవాళ్ళు, ఆడపిల్లలు. ముంచేటప్పుడు తడి. గీకేటప్పుడు పొడి దుమ్ము. దాంట్లోనే కూర్చుని రొట్టె తినేవాళ్ళు. అందువల్ల ఈ విషం ఎక్కువగా ఎక్కింది ఎవరికో మీకు చెప్పనక్కర్లేదు.

మొదట కడుపులో మెలితిప్పే నొప్పి. చిగుళ్ళ మీద నీలిగీత. తర్వాత మణికట్టు పట్టుతప్పి చెయ్యి వేలాడిపోతుంది, జడ వేసుకోలేరు, బిడ్డనెత్తుకోలేరు. ముదిరితే ఫిట్లు, చూపు పోవడం, మరణం. అక్కడి గోడ మీద ఒక చెయ్యి బొమ్మ ఉంది, మణికట్టు దగ్గర వాలిపోయిన చెయ్యి. దాని కింద రాసింది ఆ పిల్ల చదివి చెబుతుంటే, నాకు మాత్రం ఆఖరి రోజుల్లో పిన్ని మంచం అంచున వేలాడిన చెయ్యి కనిపించింది. జబ్బు వేరు, నాకు తెలుసు. అయినా కనిపించింది.

బ్రిటన్ ప్రభుత్వం 1893లో మొదటిసారి ఇద్దరు స్త్రీలను ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లుగా నియమించింది. ఒకరు మే ఏబ్రహమ్, ఇంకొకరు మేరీ పాటర్సన్. మరుసటి ఏడాది లూసీ డీన్ వచ్చింది. మగ ఇన్‌స్పెక్టర్లు అరవై ఏళ్ళుగా తిరుగుతున్నారు, యంత్రాలకు కంచె ఉందా లేదా చూశారు, పనిగంటలు లెక్కపెట్టారు. ఈ ఆడవాళ్ళు వచ్చి ఇళ్ళకు వెళ్ళారు. మంచం పట్టిన వాళ్ళ పక్కన కూర్చున్నారు. మగవాళ్ళకు అడగడం తోచని ప్రశ్న అడిగారు: నీకు ఎన్ని కాన్పులు, ఎన్ని పోయాయి?

1897లో పాటర్సన్, డీన్ రాసిన నివేదికలో ఉన్న లెక్క ఇది, రాసుకోండి. పాటరీస్‌లో సీసం పని చేసిన 77 మంది పెళ్ళయిన స్త్రీలను కలిశారు. వాళ్ళలో 15 మందికి అసలు కడుపే పండలేదు. 8 మందికి కలిపి 21 మంది బిడ్డలు చనిపోయి పుట్టారు. 35 మందికి కలిపి 90 గర్భస్రావాలు. 36 మందికి బతికి పుట్టిన బిడ్డలు 101 మంది, వాళ్ళలో అప్పటికి మిగిలింది 61 మంది. పోయిన 40 మందిలో ఎక్కువమంది పసితనంలోనే ఫిట్లతో పోయారు.

77 మంది. పెద్ద సర్వే కాదు, కంప్యూటర్లు లేవు, నిధులు లేవు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక నోటుపుస్తకం. మన సంస్థల్లో సర్వే అనగానే ముందు ప్రాజెక్టు ప్రతిపాదన రాస్తాం, వాహనం కావాలంటాం. నేనూ అదే చేశాను చాలా ఏళ్ళు.

ఇంకో సంగతి, ఇదే లూసీ డీన్ 1898లో ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరికి హాని అని నివేదికలో రాసింది. ఆ దేశంలో ఆస్బెస్టాస్‌కు మొదటి నిబంధనలు 1931లో వచ్చాయి. పూర్తి నిషేధం 1999లో. నూట ఒక్క సంవత్సరం.

సీసం మీద మాత్రం అల్లరి లేచింది. ఉమెన్స్ ట్రేడ్ యూనియన్ లీగ్‌లో గెర్‌ట్రూడ్ టక్‌వెల్ ఊరూరా తిరిగి మాట్లాడింది. అక్కడి జమీందారు భార్య, సదర్లాండ్ డచెస్, సీసం లేని మెరుగు వాడమని ప్రచారం చేస్తే, యజమానులు ఆమెను ప్రతి పనిలో వేలుపెట్టే మనిషని ఎగతాళి చేసి పేరు కూడా పెట్టారు. ప్రభుత్వం నియమించిన రసాయన శాస్త్రజ్ఞుడు థార్ప్, వైద్యుడు ఆలివర్ 1899లో నివేదిక ఇచ్చారు. చాలా రకాల పాత్రలకు సీసమే అక్కర్లేదు, కావలసిన చోట కూడా దాన్ని ఇసుకతో కలిపి ముందే కరిగించి గాజుగా మార్చి నూరితే విషం చాలా తగ్గుతుంది అన్నారు. అంటే మార్గం 1899లోనే తెలుసు. యజమానులు ఏమన్నారో మీరు ఊహించగలరు. ఖర్చు పెరుగుతుంది, విదేశీ పోటీకి నిలవలేం, ఫ్యాక్టరీ మూస్తే వీధిన పడేది ఆ ఆడవాళ్ళే.

అప్పుడు తేలిగ్గా కనిపించిన దారి ఒకటి దొరికింది. సీసం తీసేయనక్కర్లేదు, ఆడవాళ్ళను తీసేస్తే సరి. నెలకొకసారి డాక్టరు వచ్చి స్త్రీలనూ బాలలనూ పరీక్ష చేయాలని నిబంధన వచ్చింది. చిగురు మీద గీత కనిపిస్తే పని ఆపేయాలి. వినడానికి బాగానే ఉంది. కానీ పని ఆగితే ఇల్లు గడిచేదెట్లా? అందుకని డాక్టరు వచ్చే రోజు చాలామంది జబ్బు దాచుకున్నారు. చేతులు వణకడం లేదన్నట్టు గట్టిగా పట్టుకు నిలబడ్డారు. విధవలు, తాగుబోతు మొగుళ్ళున్నవాళ్ళు, చెల్లెళ్ళను పోషించే పిల్లలు, ఎవరు దాచరు చెప్పండి?

ఇక్కడ మనం కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ ప్రశ్న ఇప్పటికీ మన సమావేశాల్లో తేలలేదు. ప్రమాదకరమైన పని నుంచి స్త్రీని తప్పించడం రక్షణా, వివక్షా? 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సీసం పనుల్లో స్త్రీలనూ పిల్లలనూ పెట్టకూడదని సిఫారసు చేసింది. 1920లో బ్రిటన్ కొన్ని సీసం పనుల్లో స్త్రీలను నిషేధిస్తూ చట్టం చేసింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలో 87వ సెక్షన్ కూడా, ప్రమాదకరమైన పనుల్లో స్త్రీలను నిషేధించే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. అమెరికాలో జాన్సన్ కంట్రోల్స్ అనే బ్యాటరీల కంపెనీ, పిల్లలు పుట్టే అవకాశమున్న ఏ స్త్రీకీ సీసం పని ఇవ్వనంది. పిల్లలు పుట్టరని డాక్టరు కాగితం తెస్తే ఇస్తానంది. పని కోసం ఆపరేషన్ చేయించుకున్న స్త్రీ కూడా ఆ కేసులో ఉంది. 1991లో ఆ దేశ సుప్రీంకోర్టు అది వివక్ష అని కొట్టేసింది. సీసం మగవాడి వీర్యాన్ని కూడా పాడుచేస్తుందన్న సంగతి కంపెనీ పట్టించుకోలేదు.

నా అభిప్రాయం అడుగుతారేమో. మనిషిని తీసేసి విషాన్ని ఉంచే ఏ నిబంధననూ నేను రక్షణ అనను. స్టోక్‌లో జబ్బు నిజంగా తగ్గింది విషాన్ని పట్టుకున్న నిబంధనల వల్ల. కడుక్కునే నీళ్ళు, విడిగా తినే గది, దుమ్ము లాగేసే ఫ్యాన్లు వచ్చాయి. 1906 చట్టంతో సీసపు జబ్బుకు నష్టపరిహారం వచ్చింది, కనక యజమానికి కూడా నొప్పి తెలిసింది. చివరికి 1947లో పచ్చి సీసపు మెరుగును నిషేధించారు. థార్ప్ నివేదిక వచ్చిన 48 ఏళ్ళకు. ఆ నిషేధం మగవాళ్ళనూ కాపాడింది.

కానీ ఇది చెబితే మా తరగతిలో ఒక చెల్లెలు, "అక్కా, ఆ 48 ఏళ్ళూ ఆ పనిలోనే ఉండమంటావా మరి?" అంది. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఉంటే మీరు చెప్పండి.

సీసం కథ అక్కడి పుస్తకాల్లో బాగానే ఉంది. దుమ్ము కథ అంతగా లేదు. లాంగ్టన్ బోన్ చైనాకు పేరు. ఎముకల బూడిద సగం, తెల్లమన్ను పావు, కార్న్‌వాల్ రాయి పావు, ఇదీ పాకం. కాలేటప్పుడు అది మెత్తబడి వంకర పోతుంది. అందుకని మట్టిపెట్టెల్లో చెకుముకి రాతి పొడి పోసి, అందులో ప్లేట్లు పూడ్చి కాల్చేవారు. ఆ బరువు పెట్టెలను మగవాళ్ళు నెత్తిన మోసేవారు. టోపీలో పాతమేజోళ్ళు చుట్టి పెట్టుకునేవారట, మన చుట్టకుదురే! ఒక్కో బట్టీలో దాదాపు రెండు వేల పెట్టెలు. కాలి బయటికొచ్చాక ప్లేట్లకు అంటిన ఆ పొడిని బ్రష్షులతో, గరుకు కాగితాలతో గీకి దులపాలి. ఇది పూర్తిగా ఆడవాళ్ళ పని. చెకుముకి రాయీ మన పలుగురాయీ ఒకే జాతి, రెండూ సిలికాయే. కాల్చి నూరిన సిలికా పొడి, మూసిన గది, పది గంటలు. ఆ పనిలో చేరినవాళ్ళు కొద్ది ఏళ్ళకే దగ్గు పట్టి పోయేవారని ఇన్‌స్పెక్టర్లు రాశారు. తర్వాత చెకుముకి బదులు అల్యూమినా పొడి వచ్చింది. 1947 నిబంధనలతో చెకుముకి పొడి వాడకం ఆగింది.

మాకు దారి చూపిన ఆవిడ ఆ గదిలో గట్టిగా మాట్లాడలేదు. బయటికొచ్చాక ముంగిట్లో బల్ల మీద కూర్చుని చెప్పింది. వాళ్ళమ్మ ఆరిన ప్లేట్ల అంచులు నునుపు చేసే పని చేసిందట, పొడిగానే. నాన్న మట్టిపెట్టెలు మోశాడు. నాన్న దగ్గుకు డాక్టర్ల బోర్డు "దుమ్ము జబ్బు" అని రాసింది, పింఛను వచ్చింది. అమ్మ దగ్గుకు ఊరి డాక్టరు "బ్రాంకైటిస్" అని రాశాడు. "మా అమ్మ పిల్లల్ని కన్నప్పుడల్లా పని మానేది, మళ్ళీ చేరేది, వేరే చోట చేరేది. ఎక్కడ ఎన్నేళ్ళు చేసిందో ఏ పుస్తకంలోనూ వరసగా లేదు" అంది. అప్పుడు నేను పిన్ని సంగతి చెప్పాను. కార్డులో గృహిణి అని రాశారంటే ఆ పిల్ల ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. ఆవిడ ఏమీ అనలేదు. టీ తెస్తానని లేచింది.

ఆ మ్యూజియంలో మరుగుదొడ్ల చరిత్ర మీద ఒక పెద్ద విభాగం ఉంది. పింగాణీ దొడ్లు అక్కడ తయారయ్యేవి కదా, రంగురంగుల పూల దొడ్లు కూడా ఉన్నాయి, పిల్లలు తెగ నవ్వుతున్నారు. మా పిన్ని పనిచేసిన మిల్లులో ఆడవాళ్ళకు దొడ్డి లేదు. తుమ్మచెట్ల చాటుకు పోయేవాళ్ళు. అక్కడి నుంచి వెళ్ళే పొడితో ఎక్కడో ఎవరికో పింగాణీ దొడ్లు తయారయ్యేవి.

ఇక మన పని సంగతి. 1948 చట్టం మూడో షెడ్యూలులో జబ్బుల పట్టిక ఉండేది. అందులో మొట్టమొదటి పేరు సీసపు విషం, సిలికోసిస్ కూడా ఉండేది. 2020 కోడ్‌లోనూ ఆ పట్టిక పెట్టారు. ఆ జబ్బు చూసిన డాక్టరు ఫ్యాక్టరీల అధికారికి తెలియజేయాలి, అది డాక్టరు దయ కాదు, విధి. 1923 నష్టపరిహార చట్టం షెడ్యూలులోనూ ఆ జబ్బులుండేవి. అన్నీ ఉన్నాయి. కానీ డాక్టరు తెలియజేయాలంటే ముందు నువ్వేం పని చేశావమ్మా అని అడగాలి. ఇటలీలో రమజ్జినీ అనే వైద్యుడు 1700లోనే వృత్తి జబ్బుల మీద పుస్తకం రాశాడు. అందులో కుమ్మరుల మీద ఒక అధ్యాయం ఉంది, మెరుగుసీసం వల్ల వాళ్ళ చేతులు వణికి చచ్చుపడతాయని రాశాడు. రోగిని అడిగే ప్రశ్నలకు నీ వృత్తి ఏమిటి అన్నది కూడా చేర్చండని తోటి వైద్యులకు చెప్పాడు. మా ఆస్పత్రి కార్డులో ఆ ప్రశ్న ఉంది. గడి ఉంది. చీర కట్టుకుని వచ్చింది కనక అడగకుండానే నింపేశారు.

తిరిగొచ్చాక మేం నలుగురం ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాం. వాహనం లేదు, ఆటోలోనే. మిల్లుల చుట్టుపక్కల ఊళ్ళలో దగ్గున్న ఇళ్ళకు వెళ్ళి కూర్చుంటాం. పేరు, ఏ మిల్లు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ గదిలో, పక్కన ఎవరు పనిచేశారు. సంవత్సరాలు గుర్తుండవు. "పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పుడు చేరాను, తుపాను వచ్చిన ఏడు మానేశాను" అంటారు. అట్లాగే రాసుకుని తర్వాత లెక్కగడతాం. పక్కన పనిచేసినవాళ్ళ వేలిముద్రలు తీసుకుంటాం, మిల్లు పుస్తకంలో పేరు లేనివాళ్ళకు అదే సాక్ష్యం. ఎక్స్‌రేకు వెళ్ళేటప్పుడు మాలో ఒకరం తోడు పోతాం, ఆ గడి నింపేటప్పుడు పక్కన నిలబడతాం. కిందటి నెల ఒక యువ డాక్టరు గృహిణి అని రాసింది కొట్టేసి "పలుగురాతి పొడి మిల్లు, తొమ్మిదేళ్ళు" అని రాశాడు. ఒక్క కార్డు. ఇప్పటికి ఒక్కటే.

పుస్తకం తెచ్చాను, ఇదిగో ఇక్కడుంది. మీ ఊళ్ళలో రాతిపొడి మిల్లులు, పలకల ఫ్యాక్టరీలు, బ్యాటరీలు కరిగించే కొట్లు ఉన్నవాళ్ళు భోజనాలయ్యాక వరండాలో నా దగ్గర కూర్చోండి. ప్రశ్నల కాగితం కాపీలు ముప్ఫై ఉన్నాయి. చాలకపోతే చేత్తో రాసుకుందాం.